తెలిసిన అడుగుల చప్పుడు

పులిని సాకే మనిషి ధైర్యం గురించి అందరూ చెప్పుకుంటారు. మూడు కిలోల మూషిక జింకను సాకే మనిషి ఓర్పు సంగతి ఎవరికీ పట్టదు.

ఒకసారి అలాంటిదాన్ని తరిమింది కుక్కలు. పట్టుకుంది మా మామ.

వెల్దుర్తి వైపు, నల్లమల అంచున మా అమ్మమ్మ వాళ్ల మిరప చేను. గట్టు మీద కంప కుప్ప ఒకటుండేది. తెల్లారుజామున కుక్కలు దాని చుట్టూ చేరి ఒకటే మొరుగుడు. మామ వాటిని అదిలించి, కంపలో చెయ్యి పెట్టి, తలగుడ్డ కప్పి దాన్ని బయటికి లాగాడు. గుండెలకు హత్తుకుని ఇంటికి తెచ్చి కోళ్లగంప కింద మూశాడు. నాకప్పుడు పదేళ్లుంటాయేమో. వాడకట్టులో పిల్లలందరం చుట్టూ మూగాం.

"ముట్టుకోబాకండ్రా, బెదురుద్ది" అంది అమ్మమ్మ.

ముట్టుకున్నాం. గంప కాస్త ఎత్తి, ఒకరి తర్వాత ఒకరం. కుందేలంత ఒళ్లు. పెన్సిళ్లంత సన్నటి కాళ్లు. గోధుమరంగు బొచ్చు మీద సున్నం చుక్కలు పెట్టినట్టు తెల్లమచ్చలు, డొక్కల వెంట అవే కలిసిపోయి చారలు. అది కరవలేదు, అరవలేదు, కాలు విదిలించలేదు. పెద్ద పెద్ద కళ్లతో అలాగే నిలబడిపోయింది. అబ్బ, ఎంత సాధువో అని మురిసిపోయాం. గిన్నెలో పాలు పెట్టాం, మూతి పెట్టలేదు. గడ్డి పెట్టాం, చూడలేదు. మధ్యాహ్నానికి కూలబడింది. పొద్దుగూకేసరికి చచ్చిపోయింది.

ఒంటి మీద గాటు లేదు, నెత్తురు చుక్క లేదు.

"ఏమైంది మామా?"

"ఏమో రా అబ్బయ్యా. కురుపంది అంతే. పట్టుకుంటే బతకదు."

అమ్మమ్మ మాత్రం కారణం చెప్పింది. "ఇంతమంది కళ్లు పడితే అది బతుకుద్దా? దిష్టి."

ఆ మాటకు చాలా ఏళ్లు నవ్వుకున్నాను. చదువుకున్నవాణ్ని కదా. హైదరాబాద్ జూలో ఈ జంతువునే పెంచి, పిల్లల్ని చేయించి, మళ్లీ అడవికి పంపిన కథ తెలుసుకుంటూ పోయాక ఆ నవ్వు ఆగిపోయింది. ఆ పనిలో సగం, అమ్మమ్మ చెప్పిన దిష్టి తగలకుండా చూసుకోవడమే.

* * *

మాది పల్నాడు, పౌరుషాల గడ్డ. బ్రహ్మనాయుడి వర్గం కోడిపుంజు మీద పందెం కాసి, ఓడి, ఏడేళ్లు వలస పోయి, తిరిగొచ్చి కారెంపూడిలో కత్తులు దూసిన కథ మా ప్రతి ఇంటికీ తెలుసు. ఏటా కార్తీకంలో కారెంపూడిలో జరిగే వీరుల ఉత్సవాల్లో ఒక రోజంతా కోడిపోరుకే. బ్రహ్మనాయుడి పుంజు చిట్టిమల్లు పేరు ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా మర్చిపోలేదు. అలాంటి చోట, ఎదురు తిరగడం అన్నదే తెలియని జంతువుకు పేరెవరు నిలబెడతారు? మా అడవి అంటే పులి, చిరుత, ఎలుగుబంటి. ఎత్తిపోతల దగ్గర జలపాతం చూసినవాళ్లు అక్కడి మొసళ్ల పెంపకం కేంద్రంలోకి తొంగిచూసి, నోరు తెరుచుకుని ఎండకు పడుకున్న మొసలితో ఫొటో దిగి వస్తారు. మూషిక జింకను, మా ఊరి మాటలో కురుపందిని, చూశానన్నవాడు ఊరికొకడు దొరికితే ఎక్కువ. అదీ రాత్రిపూట టార్చి వెలుగులో, లేదంటే ఉచ్చులో.

పేరు దగ్గర కాసేపు ఆగాలి. ఇంగ్లిషువాడు దీన్ని ఎలుక జింక అన్నాడు, మన పత్రికలు దాన్ని మూషిక జింక చేశాయి. వినడానికి ముద్దుగానే ఉంది కానీ ఇది ఎలుకా కాదు, జింకా కాదు. జింకలకు, దుప్పులకు ఒక కుటుంబం, ఆవులకు, మేకలకు ఇంకో కుటుంబం ఉన్నట్టే దీనికీ వేరే ఒకటుంది. అది మిగతా వాటికన్నా చాలా పాతది. రెండు కోట్ల ఏళ్ల నాటి శిలాజాల్లో ఈ కుటుంబం జంతువులు కనిపిస్తాయి, ఒడ్డూ పొడవూ పెద్దగా తేడా లేకుండా. కొమ్ములు పుట్టకముందు నెమరువేసే జంతువు ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే దీన్ని చూస్తే చాలు. ఆవుకు పొట్టలో నాలుగు అరలైతే దీనికి సరిగ్గా పనిచేసేవి మూడే. మూడోది ఉండీ లేనట్టు ఉంటుంది. కొమ్ముల్లేవు కాబట్టి మగదానికి పైదవడ నుంచి రెండు కోరలు కిందికి దిగి ఉంటాయి. కాలికి నాలుగు వేళ్లు, అచ్చం పంది కాలిలాగే.

అందుకే కురుపంది. కురుచ పంది అన్నమాట. అడవిలో తిరిగేవాడు కోర చూశాడు, గిట్ట చూశాడు, పేరు పెట్టాడు. 1867లో అచ్చయిన జెర్డన్ గారి భారతదేశపు క్షీరదాల పుస్తకంలో ఈ జంతువు తెలుగు పేరుగా కురుపంది అనే ఉంది. ఆయన నెల్లూరులో వైద్యుడిగా పనిచేసినవాడు, మన కలివికోడికి ఇంగ్లిషులో ఉన్నది ఆయన పేరే. నూటయాభై ఏళ్ల కింద ఒక దొర మన వేటగాళ్లను అడిగి రాసుకున్న పేరును మనం వదిలేసి, ఇంగ్లిషు పేరును తర్జుమా చేసుకుని వాడుతున్నాం. సరే, ఇప్పుడు దాన్ని మార్చలేం. జూ బోర్డు మీద ఉన్న పేరు మూషిక జింకే. నేనూ రెండూ వాడతాను.

* * *

హైదరాబాద్ నెహ్రూ జూ పార్కు 1963 అక్టోబరు 6న తెరిచారు. మీర్ ఆలం చెరువు పక్కన 380 ఎకరాలు. సెలవురోజున అక్కడ పులి ఎన్‌క్లోజరు దగ్గర నిలబడితే మనుషుల అరుపులు వినాలేగాని పులి అరుపు వినబడదు. నిశాచర జంతుశాలలో పగలును రాత్రి చేసి పెట్టారు. మనం చూసేవేళకు అవి మేలుకుని తిరగాలని పగలంతా మసక దీపాలు, రాత్రంతా మామూలు దీపాలు. లోపలికి వెళ్లేవాళ్లలో పదిమందికి ఒకడు అద్దం మీద వేలితో కొడతాడు. కొట్టకపోతే టికెట్టు డబ్బులు దండగన్నట్టు.

మూషిక జింకల పెంపకం జరిగింది అలాంటి చోట కాదు. సందర్శకులు రాని పక్కన. 2010లో కేంద్ర జూ ప్రాధికార సంస్థ, హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, నెహ్రూ జూ కలిసి ఈ పని మొదలుపెట్టాయి. ఏ జంతువును ఏ జూ పెంచాలన్న పంపకంలో ఇది మన వాటాకు వచ్చింది. మొదలైనప్పుడు ఉన్నవి పదిలోపే. ఏడెనిమిదేళ్లు తిరిగేసరికి రెండు వందలు దాటాయి. అంకెల్లో చెబితే ఇంత తేలిక. పదిని రెండు వందలు చేయడానికి కోళ్లఫారం పెట్టినవాడికి నెల చాలు కదా అనిపిస్తుంది. కోడి మనిషిని చూసి చచ్చిపోదు.

చచ్చిపోవడం అన్నది మాటవరసకు అనడం లేదు. మా గంప కింద జరిగినదానికి పశువైద్యంలో పేరుంది: క్యాప్చర్ మయోపతీ. గిట్టల జంతువులకు ఇది మరీ ఎక్కువ. తరిమినప్పుడు, పట్టుకున్నప్పుడు భయంతో ఒళ్లంతా అడ్రినలిన్ ఎగదన్నుతుంది. కండరాలు ఊపిరి అందించే ఆక్సిజన్‌కు మించి పనిచేస్తాయి. లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, ఒంటి వేడి పెరుగుతుంది, కండ లోపల్లోపలే చితికిపోతుంది. చితికిన కండలోని ఎర్రటి పదార్థం నెత్తుట్లో కలిసి మూత్రపిండాలకు అడ్డం పడుతుంది. గుండె కూడా కండే కదా, అదీ తట్టుకోలేదు. కొన్ని అక్కడికక్కడే పోతాయి. కొన్ని గంటల తర్వాత, కొన్ని రోజుల తర్వాత. బయటికి గాయం కనిపించదు. పరుగు ఆగిన తర్వాత కూడా ఇది ఆగదు, కదలకుండా నిలబడ్డా లోపల పని నడుస్తూనే ఉంటుంది. మేం సాధువు అనుకున్నది దాని చావు.

దీనికి నమ్మకమైన మందు లేదు. రాకుండా చూసుకోవడమే. అంటే తరమకూడదు, పట్టుకోకూడదు, గుమిగూడకూడదు, ఎక్కువసేపు చూడకూడదు. అమ్మమ్మ ఇన్ని మాటలు వాడలేదు, ఒక్క మాటలో తేల్చేసింది.

* * *

ఇక కీపర్ పని చూడండి. జంతువును సాకాలి, దగ్గరికి పోకూడదు. పొద్దున్నే లెక్క చూడాలి, వెతకకూడదు. జబ్బు చేసిందేమో కనిపెట్టాలి, ముట్టకూడదు.

పులి కీపర్‌కు ఒక సౌకర్యం ఉంది. పులి ఉన్న గదిలోకి అతను పోడు, మధ్యలో ఇనుప కటకటాలుంటాయి. నియమం ఒకటే: తాళం వేశావా, లేదా. మూషిక జింక దగ్గర తాళం వల్ల ఉపయోగం లేదు. ఇక్కడ జంతువు వల్ల మనిషికి ప్రమాదం లేదు, మనిషి వల్లే దానికి ప్రమాదం. తప్పు చేసినా ఆ క్షణాన ఏమీ కాదు. సాయంత్రానికో మర్నాటికో తెలుస్తుంది, అప్పటికి ఏ పని వల్ల జరిగిందో గుర్తుండదు. పులి దగ్గర తప్పుచేసినవాడు ఒకసారే చేస్తాడు. ఇక్కడ తెలియకుండా రోజూ చేస్తుండవచ్చు.

కాబట్టి మొదటి పాఠం నడక. పిల్లిలా అడుగేస్తే మంచిదని మనకు అనిపిస్తుంది. అది పొరపాటు. చప్పుడు చేయకుండా వచ్చేది చిరుత, కొండచిలువ, అడవిపిల్లి. సద్దు లేకుండా వచ్చి హఠాత్తుగా ఎదురుపడ్డ మనిషి కూడా ఆ జాబితాలోకే చేరతాడు. బెదురు జంతువుల దగ్గర పనిచేసేవాళ్లు దూరం నుంచే చిన్నగా దగ్గుతారు, లేదా ఏదో ఒక మాట అంటూ వస్తారు. బకెట్టు చప్పుడైనా పర్వాలేదు. రోజూ అదే చప్పుడు, అదే వేళకు, అదే దిక్కు నుంచి రావాలి. చప్పుడు ఎంత అన్నది లెక్క కాదు, కొత్తదా పాతదా అన్నదే లెక్క. రోజూ వచ్చే మనిషి సెలవు పెడితే అతని బదులు వచ్చినవాడు ఎంత నెమ్మదస్తుడైనా కొత్తవాడే.

రెండోది చాటు. ఎన్‌క్లోజరులో నాలుగు పొదలు, ఎండుగడ్డి కుప్ప, పడి ఉన్న బోలు దుంగ, దూరడానికి చెక్కపెట్టె. కంచెకు బయటి మనుషులు కనబడకుండా పచ్చ వల కట్టాలి. ఇందులో కనీకనబడని కిటుకు ఉంది. చాటు ఎంత ఎక్కువ ఇస్తే జంతువు అంత ఎక్కువ బయట తిరుగుతుంది. దూరడానికి చోటు ఉందన్న నమ్మకం దానికి కావాలి. చోటు లేకపోతే పరిగెత్తుతుంది. పరిగెత్తితే కంచెను గుద్దుకుంటుంది. పెన్సిలంత కాలు, ఉసిరికాయంత మోకాలు.

తిండి పొద్దుగూకే ముందు పెట్టాలి. అడవిలో ఇది రాత్రిపూట తిరిగి రాలిన పండ్లు, లేత ఆకులు, చిగుళ్లు తింటుంది. మేడి, మర్రి లాంటి చెట్ల కింద కోతులు సగం కొరికి పారేసినవి ఏరుకుంటుంది. జూలో ఆకు, పండ్ల ముక్కలు, మొలకెత్తిన గింజలు. పొద్దున మిగిలినదాన్ని తూచి చూస్తే ఆ రాత్రి దాని ఆరోగ్యం తెలుస్తుంది. డాక్టరు నాడి పట్టుకుని తెలుసుకునేదాన్ని కీపర్ ఎంగిలి పళ్లెం చూసి తెలుసుకోవాలి.

మగవాటి తంటా వేరే. మనిషిని చూస్తే గడ్డకట్టుకుపోయే ఈ జంతువు ఇంకో మగదాన్ని చూస్తే కోరలతో చీల్చుతుంది. పౌరుషం లేదన్నానా, మాట వెనక్కి తీసుకుంటున్నాను. రెండు మగవాటిని ఒకచోట ఉంచకూడదు. ఆగ్నేయాసియాలోని దీని చుట్టాలు కోపమొస్తే వెనక కాళ్లతో నేలను టపటపా డప్పు కొట్టినట్టు కొడతాయి.

* * *

పిల్లలు పెట్టించడం దగ్గర కథ విచిత్రంగా మారుతుంది. ఇది దాదాపు ఐదు నెలలు మోసి, ఎక్కువగా ఒక పిల్లనే ఈనుతుంది. ఈనిన కొన్ని గంటల్లోనే మళ్లీ జతకడుతుంది. మగది పక్కనుంటే తల్లి ఒడిలో పిల్ల, కడుపులో పిల్ల ఎప్పుడూ ఉన్నట్టే. ఇంత తొందర పడే జంతువు తగ్గిపోతుందన్న భయం ఎందుకని అడగొచ్చు. పెరగడానికి తొందర ఉంది సరే, పెరిగినదాన్ని ఉండనిచ్చే చోటు కావాలి కదా.

చూడిదో కాదో ఎలా తెలుసుకోవాలి? పొట్ట చూస్తే తెలియదు. పట్టుకుని స్కానింగు తీద్దామంటే పట్టుకోవడమే ప్రాణం మీదికి తెస్తుంది. ఈ చిక్కుముడి విప్పింది పెంటిక.

సీసీఎంబీకి అత్తాపూర్‌లో లాకోన్స్ అని ఒక ప్రయోగశాల ఉంది, అంతరించిపోయే ప్రాణుల కోసమే పెట్టింది. సీసీఎంబీ శాస్త్రవేత్త లాల్జీ సింగ్ ఆలోచన అది. 2007లో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. ఒంట్లో తిరిగే హార్మోన్ల అవశేషాలు పేడలో, పెంటికల్లో బయటికి వస్తాయి. వాటిని కొలిస్తే ఆ జంతువు ఎదకు వచ్చిందా, కట్టిందా, బెదిరి ఉందా తెలుస్తుంది. సూది గుచ్చక్కర్లేదు. అసలు దానికి తెలియనే తెలియదు. ఇంత తెలివైన పద్ధతికి ముడిసరుకు పోగుచేసేది మళ్లీ కీపరే. ఏ పెంటిక ఏ జంతువుదో తప్పు పోకూడదు. నాలుగు ఒకచోట తిరుగుతుంటే నాలుగింటి పెంటికలూ మిరియాలు కలిపిపోసినట్టే ఉంటాయి. విడిగా ఉంచాలి, వేళకు చూడాలి, ఎండకు పాడవకముందే తీయాలి, సంచి మీద నంబరు రాయాలి. కంప్యూటరు తెర మీద గీత పైకి లేచి "చూడి" అని చెప్పిందంటే, దాని వెనక ఒక మనిషి రోజుల తరబడి గొంతుకూర్చుని నేలను వెతికాడన్నమాట.

ఈనిన తర్వాత మరో పరీక్ష. పిల్ల తల్లి వెంట తిరగదు. ఎక్కడో పొద కింద ముడుచుకుని కదలకుండా పడుకుంటుంది, తల్లే వేళకు వచ్చి పాలిచ్చి పోతుంది. పొద్దున లెక్కలో పిల్ల లేదు. కుక్క దూరిందా, పాము మింగిందా, కాకి తన్నుకుపోయిందా? మామూలు మనిషైతే పొదలన్నీ కెలికి చూస్తాడు. కీపర్ చూడకూడదు. కెలికితే పిల్ల లేచి పరిగెడుతుంది, తల్లి కంచెకు కొట్టుకుంటుంది. లెక్క తేలకుండానే పుస్తకంలో సంతకం పెట్టి, సాయంత్రం దాకా కడుపులో రాయి పెట్టుకుని తిరగాలి. ఏ పశువుల కాపరినైనా అడిగి చూడండి, రాత్రి దొడ్లో ఒక దూడ తక్కువైతే నిద్ర పడుతుందా అని.

* * *

దీన్ని పిరికిది అనే ముందు మలక్కా కథ వినాలి. 1400 ప్రాంతంలో పరమేశ్వర అనే రాజు రాజ్యం పోగొట్టుకుని దేశాలు పట్టి తిరుగుతూ ఒక నది ఒడ్డున చెట్టు కింద కూర్చున్నాడట. ఆయన వేటకుక్క ఒక మూషిక జింకను తరిమింది. అది పారిపోకుండా వెనక్కి తిరిగి ఒక్క తన్ను తన్నితే కుక్క నీళ్లలో పడింది. ఇంత పౌరుషమున్న చోటే పట్నం కట్టాలని, ఆ చెట్టు పేరే పెట్టి మలక్కా కట్టాడు. ఇప్పటికీ మలేసియాలోని మలక్కా రాష్ట్ర చిహ్నంలో చెట్టుకు చెరోపక్క మూషిక జింకలుంటాయి. ఆ చెట్టు మన ఉసిరి చెట్టే. వేటకుక్కల మీద కుందేలు తిరగబడిందని, అక్కడే విజయనగరం కట్టించారని మనం చిన్నప్పుడు చదివిన కథకు ఇది అచ్చం తోబుట్టువు. ఏ సముద్రం మీద ఏ ఓడలో ఎటునుంచి ఎటు పోయిందో ఈ కథ!

మలయా పిల్లల కథల్లోనూ కంచిల్ అనే మూషిక జింక ఉంటుంది. రాజుగారు మిమ్మల్ని లెక్కపెట్టమన్నారని మొసళ్లను వరస కట్టించి, వాటి వీపుల మీద అడుగులేస్తూ ఏరు దాటుతుంది. మన కథల్లో కుందేలు, నక్క చేసే పనులన్నీ అక్కడ ఇదే చేస్తుంది.

ఏరు దాటడం ఒట్టి కథ కాదు. శ్రీలంకలో ముంగిస తరిమితే ఒక చూడి మూషిక జింక చెరువులో దూకి నీళ్ల కింద దాక్కోవడం శాస్త్రవేత్తలు చూశారు. 2009లో ఆ సంగతి బయటికొచ్చింది. బోర్నియోలో ఒకటి ఐదు నిమిషాలకు పైగా నీళ్ల అడుగున ఉండిపోయిందట. వియత్నాంలో ఒక రకం 1990 తర్వాత కనబడనే లేదు, పోయిందనే అనుకున్నారు. పరిశోధకులు ఊళ్లలో జనాన్ని అడిగి, వాళ్లు చెప్పిన చోట్ల కెమెరాలు కడితే దొరికింది. 2019లో ప్రపంచానికి చెప్పారు. ఊరివాళ్లకు మాత్రం అది ఎప్పుడూ పోలేదు.

* * *

2017లో జూలో పుట్టి పెరిగిన మూషిక జింకల్లో ఎనిమిదింటిని నల్లమలలో వదిలారు. కృష్ణకు అవతల, తెలంగాణ వైపు, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో. ఒకప్పుడు అదంతా ఒకటే అడవి. 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం అన్నప్పుడు అప్పటి గుంటూరు జిల్లాతో కలిపి ఐదు జిల్లాల్లో పరుచుకుని ఉండేది. 2014లో రాష్ట్రంతో పాటు అడవీ రెండైంది. 2022లో మా వైపు ముక్క పల్నాడు జిల్లా అయింది. కురుపందికి ఇవేవీ తెలియవు, దానికి అడ్డమల్లా ఏరొక్కటే.

జూలో నుంచి అడవికి పంపడమంటే మొదట పట్టుకోవాలి. ఇన్నేళ్లు తప్పించుకున్న పని ఇప్పుడు చేయక తప్పదు. అందుకు కిటుకు పెట్టెలో తిండి పెట్టడం. ముందు పెట్టె తలుపు తీసి ఉంచి దాని దగ్గర, తర్వాత గుమ్మంలో, తర్వాత లోపల. ఎన్ని రోజులైనా సరే, తనంతట తాను లోపలికి పోయి నిదానంగా నమిలే దాకా ఎవరూ తలుపు జోలికి పోకూడదు. చివరకు ఒక చల్లటి వేళ తలుపు జారుతుంది. పెట్టె లోపల చీకటి. ఊపిరికి సందులుంటాయి కానీ బయటి మనిషి కనబడడు. గోడలకు మెత్త, నేలమీద గడ్డి. తిరగడానికి చోటు ఉంటే తన్నుకుంటుంది, అందుకే ఇరుకు పెట్టె. మనకు జాలేస్తుంది కానీ ఆ ఇరుకే దానికి బోలు చెట్టు. ప్రయాణం ఎండ పడకముందు సాగాలి. లారీ దగ్గర గట్టిగా మాట్లాడేవాణ్ని అవతలికి పంపేయాలి.

నల్లమలలో నేరుగా అడవిలోకి తోలేయరు. కంచె వేసిన ఆవరణలో కొన్నాళ్లుంచి, అక్కడి ఆకు, అక్కడి వాసన అలవాటయ్యాక వదులుతారు. ఇక్కడ నాకు ఎప్పుడూ ఒక సందేహం. ఇన్నేళ్లు కీపర్ పడ్డ పాటంతా దేనికి? తన అడుగుల చప్పుడు వింటే అది బెదరకూడదని. ఇప్పుడు దానికి కావలసింది సరిగ్గా తలకిందులు. దగ్గు వినబడగానే మాయమైపోవాలి. నల్లమలలో దగ్గుతూ వచ్చే మనిషి చేతిలో ఆకుల బకెట్టు ఉండదు, ఉచ్చు తీగ ఉంటుంది. 1972 నాటి వన్యప్రాణి చట్టం దీన్ని పులితో సమానంగా మొదటి షెడ్యూలులో పెట్టింది. ఉచ్చుకు చట్టం చదవడం రాదు. అడవిపంది కోసమని చేను చుట్టూ కట్టిన తీగకు పంది మెడైనా కురుపంది మెడైనా ఒకటే.

అందుకే వదలబోయే జంతువుల్ని మనుషులకు ఇంకా దూరంగా పెంచుతారు. అంటే కీపర్ చివరి పని తనను మర్చిపోయేలా చేయడం. రోజూ వచ్చే వేళకు రాకపోవడం, వచ్చినా కనబడకపోవడం. పులిపిల్లను సీసాతో పాలు పట్టి పెంచినవాడికి వీడ్కోలు ఫొటో ఉంటుంది. దీన్ని పెంచినవాడు ఫొటో కోసం నిలబడితే అదే తప్పు. వదిలే రోజు పెట్టె తలుపు తీసి వెనక్కి తిరిగి నడిచి వచ్చేయాలి. అది ఎప్పుడు బయటికి వస్తుందో దాని ఇష్టం. పెట్టెను తట్టకూడదు, ఊపకూడదు. పెంచినవాడు అది పోవడం చూడకుండానే వచ్చేయాలి.

* * *

పోయిన సంక్రాంతికి అమ్మమ్మ వాళ్ల ఊరు వెళ్లాను. అమ్మమ్మ లేదు. మామకు డెబ్బై దాటాయి. మిరప కాయ కోతల కాలం, రాత్రి కాపలాకు ఇప్పటికీ తనే పోతాడు. వద్దన్నా వినడు. నేనూ వెంట వెళ్లాను.

ఊరు దాటి బాట మలుపు తిరిగాక మామ దగ్గడం మొదలుపెట్టాడు. పది అడుగులకొకసారి, ఒకే తీరున, గొంతు సవరించుకున్నట్టు. చిన్నప్పుడూ విన్నాను ఈ దగ్గు. చుట్ట దగ్గు అనుకునేవాణ్ని. చుట్ట మానేసి పదిహేనేళ్లయింది.

"ఒంట్లో బాగా లేదా మామా?"

"బాగానే ఉంది. ఎందుకూ?"

"దగ్గుతున్నావు."

"దీనికా? మనిషి వస్తన్నాడని తెలియాలి గదరా. పందులుంటయ్, పాములుంటయ్. చెప్పకుండా పోయి వాటి మీద పడితే ఎట్టా?"

చేను గట్టు మీద కంప కుప్ప ఇంకా ఉంది. అదే కాదులే, ఎన్నిసార్లు చివికి మళ్లీ వేశారో. మామ దానికి పదడుగుల ఇవతల ఆగి మరోసారి దగ్గాడు. టార్చి దాని మీద వేయలేదు. కాసేపు నిలబడి, కుప్పను చుట్టి, గట్టు దిగి మంచె వైపు నడిచాడు. నేను వెనక నడుస్తూ నాకు తెలియకుండానే ఒకసారి దగ్గాను.